పది గజాల గొలుసు

"కోచ్‌ని నలభైనాలుగు అడిగాను. ఇచ్చాడు," అన్నాడు వేడ్, మొక్కజొన్న రొట్టె తుంచి బీన్సు గింజల పులుసులో అద్దుకుంటూ.

ఆగస్టు నెల, ఆదివారం మధ్యాహ్నం. చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాం. నా భార్య ఐమోజీన్, ఆదివారాలు మాతో తినడానికి వచ్చే ఆమె తండ్రి గ్రేడీ, ఆమె తమ్ముడు హోయ్ట్, మా చిన్నవాడు వేడ్, నేను. 

నలభైనాలుగు మా పెద్దవాడు లైల్ నంబరు. టాలిసన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నన్నాళ్ళూ ఆ నంబరు చొక్కాతోనే ఆడాడు. మార్చిలో నది వంతెన మీద వాడి ట్రక్కుకి దుంగల లారీ ఎదురొచ్చి గుద్దింది, వాడు అక్కడే పోయాడు. అప్పటినుంచి ఐమోజీన్ వంట చేసేది, బట్టలు ఉతికేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతకు మించి ఆమె ఇంట్లో ఉన్నట్టే తెలిసేది కాదు.

ఇప్పుడు ఆమె తలెత్తి వేడ్ వంక చూసింది.

"వాడికి భుజాలు వెడల్పు," అంది. "నీకు వదులవుతుంది. ఇటు తీసుకురా, పక్కలు కుడతాను."

గ్రేడీ చప్పరిస్తూ నవ్వాడు. "చొక్కా కుట్టినా హెల్మెట్ ఎవరు కుడతారు? మా రోజుల్లో తోలు టోపీలు. ఆట అయ్యాక మడిచి జేబులో పెట్టుకునేవాళ్ళం."

"అందుకేగా నాన్నా, నీ బుర్ర కూడా ఏ జేబులోనో ఉండిపోయింది," అన్నాడు హోయ్ట్.

వేడ్ గట్టిగా నవ్వాడు. గ్రేడీ రొట్టె ముక్క విసిరాడు. ఐమోజీన్ నవ్వలేదు కానీ లేచి వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ అడగకుండానే, పీచ్ పళ్ళ కాబ్లర్ పెద్ద గిన్నెడు తెచ్చి బల్ల మధ్య పెట్టింది. ఎప్పుడు చేసిందో నాకు తెలియదు. మార్చి తర్వాత మా ఇంట్లో తీపి వండడం అదే మొదలు.

అందుకని ఆ నంబరు వద్దని వేడ్ తో అనబోయి మానుకున్నాను.

మాది అలబామా దక్షిణాన కాగితపు మిల్లు ఉన్న ఊరు. ఊళ్ళో మనుషుల కంటే కాలేజీ మైదానంలో కుర్చీలు ఎక్కువ. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఆట ఉన్న శనివారం మధ్యాహ్నానికే కొట్లన్నీ మూసేస్తారు. ఆ రోజుల్లో శనివారం పెళ్ళి పెట్టుకున్నవాళ్ళని ఊరు క్షమించదు. మా వీధిలో అలాంటి జంట ఒకటుంది. వాళ్ళకి మనవలు పుట్టినా ఇప్పటికీ "మార్లో రోజు పెళ్ళివాళ్ళు" అనే అంటారు. మార్లో స్టేట్ మా పోటీ కాలేజీ. గ్రేడీ ఆడిన కాలం నుంచీ ఆ పగ ఉంది. ఎందుకు మొదలైందో ఆయనకే గుర్తులేదు.

నేను ఊరి హైస్కూల్లో చరిత్ర చెబుతాను. మైదానంలో నాకొక పని ఉండేది. ఈ ఆటలో బంతి చేతికొచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళితే మరో నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. వెళ్ళలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఆ పది గజాలు కొలవడానికి ఒక గొలుసు, దానికి రెండు చివర్లా రెండు కర్రలు ఉంటాయి. ఒక కర్ర నేను పట్టుకునేవాణ్ణి, రెండోది పశువుల దాణా కొట్టు ఆర్లిస్. గీత పక్కన, మా జట్టు కూర్చునే బల్లకి దగ్గర్లోనే నిలబడేవాళ్ళం. గొలుసు పట్టేవాడు అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, ఏ పక్షమో ముఖంలో కనపడకూడదు. లైల్ జట్టులో చేరినప్పుడు ఇక మానుకుంటానని రిఫరీతో అన్నాను.

"నువ్వు మీ ఆవిడ మీద కూడా గొంతు పెంచవటగా మాస్టారూ," అన్నాడతను. "నీకంటే మంచివాడు నాకెక్కడ దొరుకుతాడు? కర్ర పట్టుకో."

సెప్టెంబరులో మొదటి ఆట రోజు ఐమోజీన్ ఆకుపచ్చ గౌను వేసుకుని వచ్చింది. బ్యాండు వాయిస్తుండగా జట్టు పరిగెత్తుకుంటూ మైదానంలోకి వచ్చినప్పుడు, అన్ని వేల గొంతుల మధ్య ఆమె గొంతు నాకు వినిపించింది.

"నలభైనాలుగూ! కొట్టరా నాయనా!"

వేడ్‌ది రక్షణ వరుస వెనక మధ్యలో నిలబడే స్థానం. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి ఢీకొని పడెయ్యడం వాడి పని. ఆ రోజు రెండో సగంలో ఒకణ్ణి తలతో ఢీకొట్టాడు. ఇద్దరూ పడ్డారు. వేడ్ లేచి, దులుపుకుని, అవతలి జట్టు బల్ల వైపు నడిచాడు. జనం గొల్లున నవ్వారు.

"గంట మోగిందిరా కుర్రాడికి!" అని ఆర్లిస్ కూడా నవ్వాడు.

మా ఊళ్ళో తలకి దెబ్బ తగిలిందని అనరు. గంట మోగింది అంటారు. గంట చర్చిలో మోగుతుంది, బడిలో మోగుతుంది, మోగి ఆగిపోతుంది. ఆ మాటలో రక్తం లేదు.

హోయ్ట్ జట్టుకి ట్రైనరు. చీలమండలకి పట్టీలు చుట్టడం, ఐసు పెట్టడం, పడ్డవాణ్ణి లేపి నిలబెట్టడం అతని పని. వేడ్ ముక్కు కింద ఘాటు వాసన సీసా పెట్టి, రెండు వేళ్ళు చూపించాడు.

"ఎన్ని?"

"రెండు, మామా."

"పో."

హోయ్ట్ ఎప్పుడూ రెండే చూపిస్తాడు. అది ఊరందరికీ తెలుసు. నా తరగతిలో జవాబు తెలియనప్పుడు వెనక బెంచీవాళ్ళు, "రెండు, సార్! కావాలంటే హోయ్ట్ గారినడగండి!" అని అరుస్తారు. యుద్ధం ఏ సంవత్సరంలో మొదలైందని అడిగినా అదే జవాబు. మిగతావాళ్ళతో పాటు నేనూ నవ్వేవాణ్ణి.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ దారంతా ఐమోజీన్ మాట్లాడింది. ఎవరు ఎలా పడ్డారు, ఎవరు పడాల్సింది, రిఫరీకి కళ్ళద్దాలు ఎవరు కొనిపెట్టాలి. నేను కారు నెమ్మదిగా నడిపాను. ఇల్లు ఇంకాస్త దూరమైతే బాగుండనిపించింది.

అక్టోబరులో ఒక ఆదివారం వేడ్ హాస్టల్ నుంచి భోజనానికి వచ్చాడు. వస్తూనే కిటికీ తెరలు లాగేశాడు, ఎండ కళ్ళలో పడుతోందని. ఆ కిటికీ ఉత్తరం వైపుది.

బల్ల దగ్గర మాత్రం హుషారుగానే ఉన్నాడు. "తాతా, ఇది విన్నావా? మార్లో వాళ్ళ బస్సు దారి తప్పిందట. డ్రైవరు దిగి, గట్టు మీద మేస్తున్న ఆవునడిగాడట. ఆవు దారి సరిగ్గానే చెప్పిందట పాపం. వీళ్ళకే కుడి ఏదో ఎడమ ఏదో తెలీక, మళ్ళీ ఆ ఆవు దగ్గరికే వచ్చారట."

గ్రేడీకి నవ్వుతో పొలమారింది. హోయ్ట్ వీపు తట్టాడు. ఐమోజీన్ అందరికీ చికెన్ వడ్డించింది. మిల్లులో కొత్త షిఫ్టుల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. తర్వాత వేడ్ ఫోర్కు కింద పెట్టి, ముఖం నిండా నవ్వుతో ముందుకి వంగాడు.

"తాతా, ఇది విన్నావా? మార్లో వాళ్ళ బస్సు దారి తప్పిందట."

ఎవరూ ఆపలేదు. వాడు మొత్తం చెప్పాడు, ఆవుతో సహా, అవే మాటల్లో. గ్రేడీ మళ్ళీ పొలమారేలా నవ్వాడు. ఆయనకి అది కొత్త కథే. హోయ్ట్ పళ్ళెంలోకి చూస్తూ నవ్వాడు. ఐమోజీన్ అందరికంటే గట్టిగా నవ్వింది. నవ్వుతూ నా వంక చూసింది. ఏమీ అనొద్దని ఆ చూపు.

మర్నాడు బడి అవగానే హోయ్ట్ గదికి వెళ్ళాను. నొప్పుల మందు వాసన, కింద కత్తిరించిన పట్టీల ముక్కలు. ఒక కుర్రాడి చీలమండకి పట్టీ చుట్టి పంపించి, చేతులు తుడుచుకున్నాడు.

"నువ్వెందుకొచ్చావో తెలుసు బావా. నువ్వు చరిత్ర చెప్పుకో. మోకాళ్ళూ మడమలూ నాకొదిలెయ్."

"నేను మోకాలి గురించి రాలేదు."

"వాడు బానే ఉన్నాడు. అందరికీ అప్పుడప్పుడూ గంట మోగుతుంది. నాకు మోగింది. నాన్నకి మోగింది."

"మీ నాన్న నిన్న అదే కథకి రెండుసార్లు నవ్వాడు, హోయ్ట్. వేడ్ రెండుసార్లు చెప్పాడు."

అతను కత్తెర తీసి బల్ల మీద ఒకచోటి నుంచి ఇంకోచోట పెట్టాడు.

"నేను పట్టే గొలుసు మొదట్లో ఐదు గజాలే," అన్నాను. "పంతొమ్మిది వందల అయిదులో, ఆ ఒక్క ఏడాదిలోనే మైదానాల్లో చాలామంది పిల్లలు చచ్చిపోయారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు గుట్టగా పడి కుమ్ముకునేవాళ్ళు. దేశాధ్యక్షుడే కాలేజీల వాళ్ళని పిలిపించి మాట్లాడాడు. అప్పుడు ఐదు గజాలు పది చేశారు, బంతిని ముందుకి విసరొచ్చన్నారు. కుమ్ముకోకుండా పరిగెత్తుతారని."

"చూశావా మరి! మార్చారుగా. ఇప్పుడు గట్టి హెల్మెట్లున్నాయి. ఇంకా నీకేంటి బాధ?"

"నువ్వు ఎప్పుడూ రెండు వేళ్ళే ఎందుకు చూపిస్తావు?"

 హోయ్ట్ తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"మూడు చూపిస్తే సగం జట్టు బల్ల మీదే కూర్చోవాలి, బావా. వాళ్ళకి కూర్చోవడం ఇష్టం లేదు. కోచ్‌కి ఇష్టం లేదు. ఈ ఊరికి అసలే ఇష్టం లేదు. నేనెవణ్ణి?" గొంతు తగ్గించాడు. "పైగా అక్కని చూశావా? వారంలో ఆరు రోజులు శనివారం కోసమే ఊపిరి తీస్తోంది. నువ్వు వెళ్ళి దాని ముందు నిలబడి, వాడు ఆడ్డని చెప్పగలవా? చెప్తే చెప్పు. నేను మాత్రం చెప్పలేను."

వేడ్‌ని హాస్టల్ మెట్ల దగ్గర పట్టుకున్నాను. "తలనొప్పి వస్తోందా?" అని అడిగాను.

"నాన్నా, ఈ చొక్కా వేసుకుని పక్కన కూర్చోమంటావా?" అన్నాడు. కోపంగా అనలేదు. "నువ్వు గొలుసు చూసుకో. నేను మధ్యలో చూసుకుంటా."

ఇంటికి వచ్చేసరికి ఐమోజీన్ ఆ చొక్కానే ఇస్త్రీ చేస్తోంది. కాలేజీ వాళ్ళే ఉతుకుతారు, ఈమె అడిగి తెచ్చుకునేది. అంకెల మీద పెట్టె పెట్టకుండా చుట్టూ తిప్పుతోంది.

"హోయ్ట్ ఫోన్ చేశాడు," అంది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాకు కనపడ్డం లేదనుకోకు. ఆ ఆవు కథ నేనూ రెండుసార్లు విన్నాను. ఇంకెన్ని ఆటలున్నాయని? మార్లో ఆట అయిపోతే అసలైనవి అయిపోయినట్టే. తర్వాత చలికాలమంతా పడుకోనీ, నేనే పాలు తాగిస్తాను."

"ఐమోజీన్."

"వద్దు." ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "ఆ అంకె పరిగెడుతుంటే నేను చూడాలి, వారెన్. దూరం నుంచి ముఖం తెలీదు. అంకె ఒక్కటే తెలుస్తుంది. నీకు అర్థమవుతోందా నేనేం చెప్తున్నానో?"

అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే సులువుగా ఉండేది.

మార్లో ఆట నవంబరులో, పాత విద్యార్థులంతా ఊరికి తిరిగొచ్చే శనివారం. గ్రేడీతో ఆడినవాళ్ళలో మిగిలిన ముసలాళ్ళని ఆట మధ్య విరామంలో మైదానంలో నిలబెట్టి పేర్లు చదివారు. ఆయన పేరు చదివినప్పుడు పక్కాయన మోచేత్తో పొడిస్తే తప్ప చెయ్యెత్తలేదు. ఆటకి ముందు పాస్టరు మైకులో, ఎవరికీ దెబ్బలు తగలకూడదని ప్రార్థించాడు. మార్లో వాళ్ళ కుర్చీల్లోంచి ఎవడో, "దెబ్బల సంగతి తర్వాత, ముందు పాయింట్లు అడుక్కోండ్రా!" అని అరిచాడు. పాస్టరు ఆమెన్ అనకుండానే నవ్వేశాడు.

ఆఖరి భాగానికి మాకు మూడు పాయింట్లు ఎక్కువున్నాయి. బంతి మార్లో చేతిలో ఉంది. వాళ్ళు కొంచెం కొంచెంగా మా వైపు జరుగుతున్నారు. ప్రతిసారీ రిఫరీ పిలవడం, ఆర్లిస్, నేను గొలుసుతో పరిగెత్తడం, కొలవడం, ఇంకో పది గజాలు ముందుకి జరగడం. మా కర్రలు మా జట్టు కాపాడుకునే చివరి గీతకి దగ్గరవుతున్నకొద్దీ ఆర్లిస్ ముఖం పాలిపోతోంది. "నువ్వు మెల్లగా నడవవయ్యా మాస్టారూ," అని గొణిగాడు. "మనం తొందరగా జరిగితే వాళ్ళు తొందరగా జరుగుతున్నట్టుంది."

అప్పుడు వాళ్ళ పెద్ద ఆటగాడు బంతి పొట్టకి అదుముకుని మధ్యలోకి వచ్చాడు. వేడ్ తల దించి ఎదురెళ్ళాడు.

ఆ చప్పుడు కుర్చీల్లో వాళ్ళకి వినపడదు. గీత పక్కన నిలబడేవాడికి వినిపిస్తుంది. పెద్ద మార్లోవాడు వెనక్కి పడ్డాడు. మైదానం అంతా లేచి నిలబడి ఊగిపోయింది. వేడ్ కూడా లేచాడు. ఇద్దరు ఆటగాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని బల్ల వైపు తీసుకొచ్చారు. వాడి హెల్మెట్ వాడి చేతిలోనే ఉంది.

హోయ్ట్ సీసా తీశాడు, వేళ్ళు ఎత్తాడు. "ఎన్ని?"

"రెండు," అన్నాడు వేడ్. స్పష్టంగా అన్నాడు.

"శభాష్. ఊపిరి తీసుకో. ఇప్పుడే వెళుదువుగాని."

వేడ్ అతని భుజం మీదుగా నన్ను చూశాడు. గుర్తుపట్టి నవ్వాడు.

"నాన్నా, లైల్ వచ్చేశాడా? బ్యాండు వాళ్ళ బస్సు వెనక పెట్టొద్దని చెప్పు ట్రక్కు. తర్వాత బయటికి తియ్యలేక తిట్టుకుంటాడు."

హోయ్ట్ విన్నాడు. ఎత్తిన రెండు వేళ్ళూ అలాగే ఉండిపోయాయి.

"టిడ్‌మోర్!" కోచ్ స్ట్రిక్లండ్ మైదానం వైపే చూస్తూ అరిచాడు. "టిడ్‌మోర్, లోపలికి!"

వేడ్ కదిలాడు.

టిడ్‌మోర్ మా ఇంటిపేరు, కాబట్టి నా పేరు కూడా. నేను కర్ర గడ్డి మీద పడుకోబెట్టి, నడిచి వెళ్ళి, వాడి చేతిలోంచి హెల్మెట్ తీసుకున్నాను. తేలిగ్గానే వచ్చేసింది. అంత పెద్ద చేతుల్లో పట్టు లేదు.

రిఫరీ ఈల ఊదాడు. ఆట ఆగింది. రెండో చివర పట్టుకుని ఆర్లిస్ ఒక్కడే నిలబడ్డాడు, గొలుసు గడ్డిలో పడి ఉంది. కోచ్ వెనక్కి తిరిగాడు.

"ఏంటిది? నువ్వు గొలుసువాడివి! కర్ర దగ్గరికి పో!"

"వీడు ఆడడు," అన్నాను.

"ఎవరు చెప్పారు? ఎవరు చెప్పారంట?"

 ఆ మైదానంలో ఆ మాట చెప్పడానికి నాకు అధికారం లేదు, ఒక్కడికే ఉంది. కోచ్ హోయ్ట్ వంక చూశాడు. బల్ల మీద కుర్రాళ్ళంతా హోయ్ట్ వంక చూశారు. హోయ్ట్ తన చేతి వంక చూసుకుని, వేళ్ళు ముడిచి, జేబులో పెట్టుకున్నాడు.

"కూర్చోరా వేడ్," అన్నాడు మెత్తగా. తర్వాత కోచ్‌తో, "నలభైనాలుగు అయిపోయాడు, కోచ్. ఇంకొకణ్ణి పంపించు."

"అయిపోయినవాడు నడుచుకుంటూ వచ్చాడేంటి? వేళ్ళు లెక్కపెట్టాడా లేదా?"

"లెక్కపెట్టాడు," అన్నాడు హోయ్ట్. "ఇంకొకణ్ణి పంపించు."

జనానికి ఇదేమీ వినపడలేదు. వాళ్ళకి కనపడింది ఒక్కటే. గొలుసు పట్టే మాస్టారు ఆట ఆపి, వాళ్ళ నలభైనాలుగు హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. మొదట గుసగుస, తర్వాత కేకలు. ఐసు ముక్కలున్న కాగితపు గ్లాసొకటి వచ్చి నా కాలి దగ్గర పడింది.

"ఇటివ్వు నాన్నా," అన్నాడు వేడ్, చెయ్యి చాపి. వాడి కళ్ళు నా ముఖం మీద నిలవడం లేదు. "అమ్మ చూస్తోంది."

నేను కుర్చీల వైపు చూశాను. అందరూ నిలబడి అరుస్తున్నారు. ఆ వరసలో ఒక్క మనిషి కూర్చుని ఉంది.

ఎవరో నా కర్ర తీసుకున్నారు. ఆట సాగింది. మార్లో వాళ్ళు మధ్యలోంచే, మావాడు నిలబడాల్సిన చోటి నుంచే, ఆ చివరి గీత దాటి ఆట గెలిచారు. ఆ అరుపులు వినపడేటప్పటికి హోయ్ట్, నేను వేడ్‌ని చెరోవైపు పట్టుకుని కార్ల వైపు నడిపిస్తున్నాం. దారిలో వేడ్ వాంతి చేసుకున్నాడు. హోయ్ట్ తన చొక్కాతో వాడి మూతి తుడిచాడు.

నగరంలో పెద్దాసుపత్రి డాక్టరు, తల లోపల సన్నగా నెత్తురు కారుతోందని, కోత లేకుండానే ఆగేట్టుందని చెప్పాడు. "ఇంకొక్క దెబ్బ పడి ఉంటే," అని మొదలుపెట్టి, ఐమోజీన్ ముఖం చూసి, కాగితాల్లోకి చూసుకున్నాడు.

కొన్ని రోజులకి వేడ్‌ని ఇంటికి పంపించారు. నడిచాడు, తిన్నాడు, నెమ్మదిగా అన్నీ గుర్తొచ్చాయి. కాలేజీ, గది నంబరు, క్రిస్మస్‌కి ఎవరేం కొన్నారు. కానీ గుర్తులన్నీ ఫిబ్రవరి దగ్గర ఆగిపోయాయి. అక్కణ్ణుంచి నవంబరు దాకా ఖాళీ. తొందరపెట్టి చెప్పొద్దన్నాడు డాక్టరు. రోజూ పొద్దున్నే ఇది ఏ నెల, ఇంట్లో మీరెంతమంది లాంటివి అడగండి, దానంతటదే రానివ్వండి అన్నాడు.

అడిగే పని ఐమోజీన్ తీసుకుంది.

ఆమె నాతో మాట్లాడ్డం మానేసింది. ఆట రోజు నుంచి ఒక్క మాట లేదు. ఊరు మాత్రం మాట్లాడింది. బడి గోడ మీద ఎవరో పది గజాల గొలుసు బొమ్మ వేసి, కింద నా పేరు రాశారు. సరుకుల కొట్లో నా వెనక నిలబడ్డవాళ్ళు నాకు వినపడేంత గట్టిగా ఆ ఆట గురించి చెప్పుకునేవాళ్ళు. ఒక సాయంత్రం ఆర్లిస్ వచ్చి గుమ్మంలో నిలబడి, గొలుసువాళ్ళు వేసుకునే చారల కోటు తిరిగిమ్మన్నాడు.

"నా ఇష్టం కాదయ్యా మాస్టారూ," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నాకూ కొడుకులున్నారు. ఆ మాట అక్కడ పైకి అన్లేనంతే."

కోటు మడిచి ఇచ్చాను. హోయ్ట్ ఉద్యోగం కూడా పోతుందని అందరూ అనుకున్నారు. పోలేదు. అతను ఆ తర్వాత ఎన్ని వేళ్ళు చూపించాడో నేను అడగలేదు.

రోజూ పొద్దున వరండాలో నిలబడి, గోడకి అటువైపు ఆమె ప్రశ్నలు వినేవాణ్ణి.

"ఇది ఏ నెల నాన్నా?"

"నవంబరు. నిన్న చెప్పావుగా."

"మనం ఇంట్లో ఎంతమందిమి?"

"నలుగురం."

ఆమె ఆ లెక్క సరిదిద్దేది కాదు. ఒకరోజు తలుపు సందులోంచి ఆమె ముఖం కనపడింది. నలుగురం అన్న మాట వినగానే ఆ ముఖం మీదికి ఒక వెలుగొచ్చింది. సెప్టెంబరులో మైదానంలో చూసిన వెలుగే. ఆమె అడిగేది సరైన జవాబు కోసం కాదేమోనని నాకు భయం పట్టుకుంది. మర్నాడు ఆ ప్రశ్న రెండుసార్లు అడిగింది. ఆ మర్నాడు మూడుసార్లు. "నలుగురం అమ్మా, ఎన్నిసార్లు చెప్పను?" అని వేడ్ విసుక్కున్నాడు. ఆమె చిన్నగా నవ్వడం వినిపించింది.

ఈ ప్రపంచం మొత్తంలో లైల్ బతికున్నది ఆ ఒక్క కుర్రాడి తలలోనే. ఆ తల బాగుపడాలని మేం ఎదురుచూస్తున్నాం. నేను నా భార్యని వెళ్ళి ఏమని అడగను? పెరట్లో పెకాన్ చెట్టు కింద రాలిన కాయలు ఏరుకుంటూ కూర్చునేవాణ్ణి. అక్కడికి ఆ గది మాటలు వినపడవు.

మొదటి మంచు పడిన పొద్దున అక్కడే ఉన్నాను. వెనక తలుపు తెరుచుకుంది. వేడ్ మెట్ల మీదికి వచ్చాడు, భుజాల మీద వాళ్ళమ్మ శాలువాతో. ముఖం ఉబ్బి ఉంది. చాలాసేపు ఏడ్చినట్టుంది.

"నాన్నా," అన్నాడు. "అమ్మ నీకు చెప్పమంది."

నేను కాయల బుట్ట కింద పెట్టాను.

"మనం ముగ్గురం."

వాడి వెనకే ఐమోజీన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక చెయ్యి వాడి వీపు మీద ఉంది. మార్చి నుంచి మా ఇంట్లో ఆ అంకె ఎవరూ పైకి అనలేదు. ఆమె నా కళ్ళలోకే చూసింది.

"వినపడిందా, వారెన్?" అంది.

వినపడిందన్నాను.